స్టెనోగారు రాసిన బాండ్ల పేపరు

కోర్టులో ముప్పై ఏళ్ళు పనిచేసినా ఆయనకి ఒక్క కేసూ గుర్తులేదు. దొంగతనాలు, విడాకులు, అన్నదమ్ముల గోడ తగాదాలు, హత్యలు, అన్నీ ఆయన చేతుల మీదుగానే పోయాయి. సాక్షి నోరు తెరవడం ఆలస్యం, ఆయన పెన్సిలు కాయితం మీద గీతలూ చుక్కలూ పెట్టుకుంటూ పోయేది. సాక్షి ఏడిస్తే ఆగేది, మళ్ళీ మొదలెడితే మొదలయ్యేది. సాయంత్రం ఆ గీతల్ని మామూలు మాటల్లోకి టైపు చేసిచ్చి, టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. ఏం జరిగిందివాళ అని ఎవరైనా అడిగితే, "వాయిదా పడింది" అనేవాడు. అది చాలాసార్లు నిజమే.

"మా ఆయనకి చెవుల్లోంచి చేతుల్లోకి నేరుగా సొరంగం ఉంది. దార్లో ఎక్కడా బుర్ర తగలదు" అని భార్య నలుగురిలో అనేది. నలుగురూ నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వుతున్నారు కదా అని ఆయనా నవ్వేవాడు. ఇంటి ఓనరు దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరికీ ఆయన స్టెనోగారే. సొంత పేరు జీతం కాయితం మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు.

ఆవిడ ఒక్కసారి మాత్రం భయపడింది. ఆయన తల్లి పోయిన రోజు ఆస్పత్రి వరండాలో డాక్టరు వచ్చి ఏం జరిగిందో, ఏ టైముకి జరిగిందో నెమ్మదిగా చెబుతున్నాడు. స్టెనోగారు తలొంచుకుని బుద్ధిగా వింటున్నాడు. ఆవిడ చూపు ఆయన కుడిచేతి మీద పడింది. చూపుడువేలు ప్యాంటు మీద గబగబా గీతలు గీస్తోంది. డాక్టరు మాటల్ని పొల్లు పోకుండా రాసేసుకుంటోంది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక కూడా వేలు ఆగలేదు.

తర్వాత కోర్టులో మాటలు రికార్డు చేసే యంత్రాలు వచ్చాయి. యాభైమూడో ఏట ఆయన్ని ఒక శాలువా, ఒక గోడగడియారం ఇచ్చి పంపేశారు. ఇంట్లో అప్పటికే రెండు గడియారాలున్నాయి. భార్య బజారు వీధిలో బట్టలు సరిచేసే కొట్టు నడిపేది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, లావెక్కిన వాళ్ళకి జాకెట్లు వదులు చెయ్యడం ఆవిడ పని. కొన్నాళ్ళు ఆయన అక్కడే కూచుని గుండీలు రంగుల వారీగా ఏరాడు. "ఇలా ఏరుకుంటూ కూచుంటే మీరే గుండీ అయిపోతారు" అని ఆవిడే ఎవర్నో పట్టుకుని యూనివర్సిటీలో పని చూసిపెట్టింది.

చూపులేని విద్యార్థులకి పుస్తకాలు చదివి వినిపించాలి. క్లాసులో పక్కన కూచుని బోర్డు మీద ఏముందో చెప్పాలి. పరీక్షల్లో వాళ్ళు చెబుతుంటే రాసిపెట్టాలి. ఆ పనులు పంచే ఆఫీసులో మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకునే మేడమొకావిడ ఉండేది. మొదటి రోజే ఆవిడ చెప్పింది. "పరీక్ష హాల్లో వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలి. చదవమంటే చదవాలి. అడక్కుండా నోరు మెదపకూడదు. సాయం చేసినట్టు తేలితే వాళ్ళ పరీక్ష పోతుంది, మీ ఉద్యోగమూ పోతుంది."

"నేను చేసిందల్లా అదేనండీ" అన్నాడు స్టెనోగారు.

ఆయనకి అప్పజెప్పిన అమ్మాయి పైదేశం నుంచి వచ్చిన తెలుగు పిల్ల. ఇరవయ్యేడేళ్ళుంటాయి, పుట్టుకతోనే చూపులేదు. వాళ్ళ దేశపు ప్రభుత్వ బ్యాంకులో లెక్కల విభాగంలో గుమాస్తా. రెండేళ్ళు సెలవిచ్చి, ఫీజు కట్టి, ఎకనామిక్సూ ఫైనాన్సూ చదువుకు రమ్మని బ్యాంకే పంపించింది. చదువు పూర్తయితే ఆఫీసరవుతుంది. ఒక్క పేపరు పోయినా వెనక్కెళ్ళి పాత కుర్చీలోనే కూచోవాలి.

మొదటి వారం "అంకుల్" అంది. రెండో వారానికి అది "బాబాయ్‌గారూ" అయింది. ఆయన "అమ్మా" అనేవాడు.

రెండేళ్ళు అలా నడిచింది. పొద్దున తొమ్మిదికి హాస్టలు గేటు దగ్గర కలుసుకోవడం, ఆ అమ్మాయి ఆయన మోచెయ్యి పట్టుకోవడం, మెట్లొచ్చినప్పుడు ఆయన "మెట్లు" అనడం. క్లాసులో ఆయన మెల్లగా చెప్పేవాడు. "ఒక గీత ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి దిగుతోంది. ఇంకో గీత దాన్ని నడిమధ్య కోసుకుని పైకి పోతోంది." ఆ అమ్మాయికి బొమ్మ అందేది కాదు. ఇంటికెళ్ళి భార్యని అడిగి అట్టముక్కా, దారం ఉండా తెచ్చాడు. దారాన్ని గీతల్లా జిగురుతో అంటించి, అవి కోసుకునే చోట గుండీ పెట్టాడు. ఆ అమ్మాయి వేలు దారం వెంట నడిచి గుండీ దగ్గర ఆగింది. "ఓహో, ధర ఇక్కడ తేలుతుందన్నమాట!" అని పెద్దగా నవ్వింది. ఆ తర్వాత భార్య కూడా చెయ్యి వేస్తే అలాంటి అట్టలు అరవై దాకా తయారయ్యాయి. భార్య కొట్లో కూచుని ఎకనామిక్సు కుడుతోందని వీధంతా చెప్పుకున్నారు.

స్టెనోగారికి అదంతా పని. చదవమన్న పేజీ చదివేవాడు, ఆపమంటే ఆపేవాడు. అయితే కోర్టులో లేనిది ఇక్కడొకటి ఉంది. ఆ అమ్మాయి ఒకే పేజీని నాలుగుసార్లు చదివించుకునేది. తర్వాత క్యాంటీన్లో అదే విషయాన్ని ఆయనకి చెప్పేది, చెబితే తనకి గుర్తుంటుందని.

"బాబాయ్‌గారూ, పిన్నిగారి కొట్లో ఒక జేబున్న చొక్కా అమ్మకానికి పెట్టారనుకోండి. పక్కకొట్టువాడు అదే ధరకి రెండు జేబుల చొక్కా తెచ్చాడు. ఇప్పుడు పిన్నిగారు ఏం చెయ్యాలి?"

"ధర తగ్గించాలి."

"అంతే. ఆ చొక్కాయే బాండు, జేబులే వడ్డీ. బయట వడ్డీ పెరిగిందా, పాత బాండు ధర పడిపోతుంది. అయిపోయింది, మీరు ఫైనాన్సు పాసు."

ఆయన తలూపాడు. ఊపింది ఆ అమ్మాయికి కనపడదని గుర్తొచ్చి "ఊఁ" అన్నాడు. సొరంగంలో ఎక్కడో గోడ చెమ్మగిల్లినట్టు, చదివిందీ విన్నదీ కొంచెం కొంచెం లోపల నిలబడిపోతోందని ఆయనకి తెలియలేదు.

చివరి ఏడాది చివరి పరీక్ష బాండ్ల మీద. మూడో అంతస్తులో చిన్న గది, రెండు కుర్చీలు, ఒక బల్ల. కిటికీ దగ్గర పర్యవేక్షకుడొకాయన పేపర్లో గళ్ళ నుడికట్టు నింపుకుంటున్నాడు. చూపులేని వాళ్ళకి ఒక గంట ఎక్కువిస్తారు కనక మొత్తం నాలుగు గంటలు. ఆ అమ్మాయికి ముందురోజు నుంచీ జలుబు. మొదటి మూడు గంటలూ బాగానే సాగాయి. ఆఖరి ప్రశ్నకి ముప్పై మార్కులు. వడ్డీ రేట్లు పెరిగితే ఒక బ్యాంకు దగ్గరున్న పాత బాండ్ల విలువ ఏమవుతుంది, ఆ బ్యాంకు ఏం చెయ్యాలి, లెక్కతో సహా రాయమన్నారు.

ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలెట్టింది. "వడ్డీ రేట్లు పెరిగినప్పుడు పాత బాండ్ల ధర పెరుగుతుంది. కాబట్టి..."

స్టెనోగారి పెన్ను "ధర" దాకా వెళ్ళి ఆగింది.

ముప్పై ఏళ్ళ కోర్టులోనూ, రెండేళ్ళ యూనివర్సిటీలోనూ ఆ చెయ్యి మాట మధ్యలో ఆగడం అదే మొదటిసారి. నోరు జారిందని ఆయనకి తెలుసు. జేబులూ చొక్కాలూ అంత చక్కగా చెప్పిన పిల్లకి తెలియక కాదు. తను ఒక్క దగ్గు దగ్గినా చాలు, ఆ పిల్ల దిద్దుకుంటుంది. గదిలో గడియారం, కిటికీ అవతల ఎవరో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. పర్యవేక్షకుడు తలెత్తలేదు.

"రాశారా బాబాయ్‌గారూ?" అంది ఆ అమ్మాయి.

ఆయన "పెరుగుతుంది" అని రాశాడు. "రాశానమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి రుమాలు మడతపెట్టి బల్ల మీద పెట్టింది. తర్వాత కొనసాగించింది. ఆ ఒక్క మాట మీద మిగతా లెక్కంతా నిలబడింది. రెండున్నర పేజీలు ఆయన గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా నిండిపోయాయి.

నెల తర్వాత ఫలితం వచ్చింది. అరవై రావాలి, యాభైనాలుగు వచ్చాయి. ఆ పరీక్ష మళ్ళీ రాయాలంటే ఆరునెలలు ఆగాలి. ఆ అమ్మాయి సెలవు మూడు వారాల్లో అయిపోతుంది. కళ్ళజోడు మేడం ఫోనులో చెబుతుంటే స్టెనోగారు విన్నాడు. ఫోను పెట్టేసి భోజనానికి కూచున్నాడు, రోజూ తినేంతే తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చాక పరీక్ష గదిలో జరిగింది భార్యకి చెప్పాడు. ఎవరో సాక్షి చెప్పింది తిరిగి చదువుతున్నట్టు, వరసగా, గొంతు మారకుండా చెప్పాడు.

ఆవిడ చేతిలో కత్తెర పక్కన పెట్టింది. "ఒక్క మాట అనలేకపోయారా?"

"అనకూడదు."

"అనకూడని మాటలు అనే కదండీ జనం బతుకుతున్నారు!"

ఆ వారమంతా ఆవిడ అన్నం వడ్డించి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. ఎదురుగా కూచుని తినలేదు.

వెళ్ళేముందు ఆ అమ్మాయి తన జవాబుపత్రం చూసుకోవాలంది. అది విద్యార్థుల హక్కు. చదివిపెట్టడానికి మనిషి కావాలి, ఆఫీసువాళ్ళు ఆయన్నే పంపారు. అద్దాల గదిలో కూచుని తన చేతిరాత తనే చదివాడు. ఆఖరి ప్రశ్న దగ్గర ఎర్రసిరాతో రాసిన మాట కూడా చదివాడు. "మొదటి వాక్యమే తప్పు. తర్వాతదంతా దాన్ని పట్టుకునే పోయింది."

"అక్కడ మీ పెన్ను ఆగింది" అంది ఆ అమ్మాయి.

"ఆగింది."

"మీకు తెలుసు."

"తెలుసమ్మా."

"నాకూ అప్పుడే తెలిసింది. ఎక్కడో తప్పు చెప్పానని. వెనక్కెళ్ళి చూసుకుంటే ఆ మాట దొరికేసింది కూడా."

స్టెనోగారు కాయితం మీంచి తలెత్తాడు. "మరి దిద్దమని ఎందుకనలేదు?"

"బళ్ళో ఉన్నప్పట్నుంచీ నాకెప్పుడు మంచి మార్కులొచ్చినా, రాసిపెట్టినవాడి తెలివి అనేవాళ్ళు బాబాయ్‌గారూ. బ్యాంకులో ఇప్పటికీ అంటారు. మీ పెన్ను ఆగిందని దిద్దుకుంటే వాళ్ళన్నది నిజమైపోతుంది కదా అనిపించింది. అప్పుడు చాలా గొప్పగా అనిపించింది." ఆ అమ్మాయి రుమాలు మడతపెట్టి విప్పింది. "మర్నాడు పొద్దున్న లేచేసరికి ఎంత తెలివితక్కువ పనో తెలిసింది. నోరు జారితే ఎవరైనా దిద్దుకుంటారు. చూపున్నవాళ్ళు ఎన్ని కొట్టివేతలు చేస్తారు!"

"నేను పెన్ను ఆపకుండా ఉండాల్సింది."

"ఆపకపోతే నాకసలు తెలిసేదే కాదు. సుఖంగా ఫెయిలయ్యేదాన్ని."

నవ్వుతోందేమోనని ఆయన చూశాడు. నవ్వడం లేదు, ఏడవడమూ లేదు. ఏదైనా అనాలి. రెండేళ్ళుగా ఆ పిల్ల చెప్పిన మాటలన్నీ వరసగా అప్పజెప్పగలడు గానీ, తన తరఫున చెప్పడానికి ఒక్క మాటా నోటికి రాలేదు. ఆఖరికి "టీ తాగుదామా?" అన్నాడు. క్యాంటీన్లో ఇద్దరూ టీ తాగారు. దారం అట్టలు బరువని ఇరవై మాత్రం తీసుకెళ్ళింది. మిగతావి పిన్నిగారికి ఇచ్చెయ్యమంది.

సెప్టెంబరులో కొత్త విద్యార్థులొచ్చారు. మేడం ఆయన ముందు ఒక ఫారం పెట్టింది. అది ఏటా నింపేదే. అందులో ఒక గడి ఉంటుంది: రాసిపెట్టే వ్యక్తికి ఈ సబ్జెక్టు తెలుసునా? తెలిసినవాళ్ళని ఆ పరీక్షకి పెట్టరు. ఆయన ఏటా "తెలియదు" అని రాసేవాడు. ఈసారి "తెలుసు" అని రాశాడు.

మేడం కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఇదేంటండీ? ఎకనామిక్సు వాళ్ళే నలుగురున్నారు. వాళ్ళందర్నీ మీకే ఇద్దామనుకున్నాను. గుమాస్తా ఉద్యోగాలు చేసుకున్న మీకు ఫైనాన్సేం తెలుసు, తెలియదని రాసెయ్యండి."

"తెలుసండీ" అన్నాడు స్టెనోగారు. "బయట వడ్డీ పెరిగితే పాత బాండు ధర తగ్గుతుంది."

ఆవిడ వింతగా చూసి ఫారం తీసుకుంది. ఆ ఏడు ఆయనకి చరిత్ర చదివే కుర్రాడొక్కడే దొరికాడు, వారానికి మూడు రోజులు. మిగతా రోజులు కొట్లో కూచుని గుండీలు ఏరాడు. భార్య మళ్ళీ ఎదురుగా కూచుని తింటోంది. అది ఎప్పుడు మొదలైందో ఆయన గమనించలేదు.

చలికాలంలో ఫోనుకి ఆ అమ్మాయి గొంతుతో మెసేజి వచ్చింది. పాత కుర్చీలోనే కూచుందట. వచ్చే ఏడు సొంత డబ్బుతో అక్కణ్ణుంచే ఆ పేపరు రాయనిస్తారేమో అడిగిందట, ఇంకా జవాబు రాలేదట. పిన్నిగారిని అడిగినట్టు చెప్పమంది. ఆయన రెండుసార్లు విన్నాడు.

"ఏమంటోంది?" అంది భార్య, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"బాగానే ఉందట. నిన్ను అడిగిందట."

"మీరేమైనా చెప్పరా ఆ పిల్లకి?"

ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని బటను నొక్కి పట్టుకున్నాడు. లెక్క సెకన్లలో పైకి పోతోంది, ఇరవై, ఇరవయ్యొకటి, ఇరవైరెండు. రోడ్డు మీద బస్సు వెళ్ళిన చప్పుడు అందులో పడింది. ఆవిడ కుట్టుమిషను ఆపింది. ఆయన ఏమీ అనకుండానే వేలు తీసేశాడు, ఆ మెసేజి అలాగే వెళ్ళిపోయింది.