డెబ్బై కిలోల మామయ్య

ఆ అపార్ట్‌మెంట్లో వేసవి సెలవులకు ఎవరు విమానం ఎక్కబోతున్నా పెట్టెలు తూచేది డెబ్బై కిలోల మామయ్యే. సూట్‌కేసును చంటిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకుని, బరువు చూసుకునే మిషను మీద ఊపిరి బిగబట్టి నిలబడతాడు. అంకె చదివేది అత్తయ్య. "అందులోంచి నా డెబ్బై తీసెయ్," అంటాడు. పెళ్లినాటి నుంచీ తన బరువు డెబ్బయ్యేనని ఆయన ధీమా. ఉత్త చేతులతో మిషనెక్కి ఎన్నడూ చూసుకోలేదు. లెక్క కూడా ఎన్నడూ తప్పలేదు.

ఈసారి ప్రయాణం వాళ్లిద్దరిదే. ఇంట్లో సరిగ్గా ఇరవైమూడు తూగిన పెట్టె, కిటకిటలాడే విమానాశ్రయంలో ముప్పై ఒకటి చూపించింది. "మీ కాటా తప్పమ్మా!" అని మామయ్య ఎగిరిపడ్డాడు. కౌంటరులోని అమ్మాయి పక్క కాటా మీద పెట్టించింది. అక్కడా ముప్పై ఒకటే. వెనక వరుసలో జనం విసుక్కుంటున్నారు. "ఏం కుక్కావే ఇందులో?" అంటూ ఆయన నేల మీదే పెట్టె తెరిచి బట్టలు బయటికి లాగసాగాడు. అత్తయ్య పెట్టె వంక చూడలేదు. ఆయన మెడ చుట్టూ వదులుగా వేలాడుతున్న కాలరునూ, బెల్టుకు మేకుతో కొత్తగా పొడుచుకున్న చిల్లునూ చూస్తూ నిలబడిపోయింది.

"పెట్టె పెరగలేదండీ," అంది చివరికి. "మీరు తగ్గారు."

ఆయన తలెత్తలేదు. "ముందు ఈ తువ్వాళ్లు పట్టుకో," అన్నాడు.