మూత మీది నలభై

లారీ పెద్దాయనకి కోపమొస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ముప్పై ఏళ్లుగా ఆయన రోజూ పొద్దున్నే తన టూ-స్ట్రోక్ డీజిల్ లారీ ఇంజన్ మూతెత్తి, ఆయిల్ గేజి లాగి, చుక్కని రెండు వేళ్ల మధ్య రుద్ది, ఆ వేళ్లని మూత లోపలే తుడిచేసుకుని గానీ తాళం తిప్పడు. ఇవాళ చుక్క నీళ్లలా జారిపోయింది. చెవులు రెండూ కందిపోయాయి. "ఏం పోశావయ్యా ఇందులో?" అంటూ, నిన్న ఆయిల్ మార్చిన అల్లుడి మీద విరుచుకుపడ్డాడు. "కొత్త లారీలకి పోసేదే మామయ్యా. కొట్లో అన్నిటికంటే మంచిదన్నారు." "మంచిదైతే నువ్వే తాగు! ఈ ముసలి ఇంజన్‌కి చిక్కటి నలభై నంబరు ఆయిల్ తప్ప ఇంకోటి పడదు. ఈ పల్చటి దాంతో సరుకేసుకుని ఎత్తెక్కితే పిస్టన్లు పట్టేస్తాయి. ఇంజన్ పోతే ఇంటిల్లిపాదికీ తిండి నువ్వు పెడతావా? మూత లోపల అంత లావున రాశాను, కళ్లెక్కడ పెట్టుకున్నావు?" "ఎక్కడ రాశారో చూపించండి మరి," అన్నాడు అల్లుడు.

చూపించబోయిన వేలు గాల్లోనే ఆగిపోయింది. తెల్లరంగుతో రాసిన అంకె ఉండాల్సిన చోట, రోజూ తుడిచిన వేళ్ల జిడ్డు నల్లగా, దళసరిగా పేరుకుపోయి ఉంది. పెద్దాయన లారీ కిందికి దూరి, బోల్టు విప్పి, కొత్త ఆయిలంతా డబ్బాలోకి దించేశాడు. ఆనక స్క్రూడ్రైవర్ తీసుకుని, రేకు చిరుగుతుందేమో అన్నంత కసిగా మూత మీద నలభై అని గీకాడు. చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అల్లుడు ఓ పాతగుడ్డ తెచ్చి గేజి పక్కన కట్టాడు.