ఏ చుక్క ఎవరిది

ఆఫీసులో ఆమెను అందరూ పేర్లావిడ అంటారు. ఆకాశంలో తిరిగే కృత్రిమ ఉపగ్రహాల చిట్టా రాసే ఆఫీసు అది. రాడార్‌కు కనిపించేది ఒట్టి చుక్క. దాని మీద ఎవరి పేరూ రాసి ఉండదు. ఏ రాకెట్ నుంచి జారింది, ఏ వేళకు ఎక్కడికొస్తోంది, రేడియోలో ఏం కూస్తోంది అని చూసి, ఫలానా చుక్క ఫలానా వారిదని తేల్చడం ఆమె పని. పెళ్లికి ముందు నుంచీ ఇదే చేస్తోంది కాబట్టి విసుక్కునే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది.

ఒకప్పుడు రాకెట్‌కు ఒక ఉపగ్రహం, మహా అయితే రెండు. ఇప్పుడు సిటీ బస్సులో జనాన్ని కుక్కినట్టు కుక్కుతున్నారు. ఆ నెల వెళ్లిన రాకెట్ చెప్పుల డబ్బాలంత ఉపగ్రహాలను బోలెడు వెదజల్లి చేతులు దులుపుకుంది. అన్నీ ఒకే సైజు, ఒకే గుంపు. మర్నాటి నుంచే యజమానుల ఫోన్లు మొదలు, మాదేదండీ మాదేదండీ అని. ఒక్కొక్కటే తేల్చుకుంటూ వస్తే చివరికి రెండు చుక్కలు, ఇద్దరు యజమానులు మిగిలారు. ఒక చుక్క కూస్తోంది, రెండోది మూగది. కూసేది మాదేనని ఇద్దరూ భీష్మించుకు కూర్చున్నారు. మూగదాన్ని మాదనే నాథుడు లేడు.

కూత విని చెప్పొచ్చు కదా అని అడుగుతారు తెలియనివాళ్లు. ఆ కూతలో పేరంటూ ఉండాలి కదా. ఇద్దరూ ఒకే దుకాణంలో ఒకే రకం రేడియో కొన్నారు. కొన్నాక, అమ్మినవాడు నమూనాగా పెట్టిన మాట తీసేసి సొంత పేరు పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి తయారుచేసి, ముక్కుకు గుడ్డలు కట్టుకుని దుమ్ము లేకుండా తుడిచి తుడిచి పంపిన ఈ మహానుభావులిద్దరూ ఆ ఒక్కటీ మర్చిపోయారు. అందుకని ఆకాశంలోంచి అది పొద్దున్నా సాయంత్రమూ ‘మీ పేరు ఇక్కడ రాయండి’ అని కూస్తోంది. పేర్లావిడకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇద్దరిలో ఒకరు ఆకాశం నుంచి పొలాల ఫొటోలు తీసి అమ్ముదామనుకున్న ఒక చిన్న సంస్థ మేనేజరమ్మ. రెండోవాడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మాస్టారు. ఆ మాస్టారు పేర్లావిడకు సొంత తమ్ముడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తమ్ముడి ఫోన్లకు వేళాపాళా లేదు. “స్నానం చేస్తోందని చెప్పాను. బయటికొచ్చేదాకా లైన్లోనే ఉంటానన్నాడు” అంటూ భర్త ఫోన్ చేతికిచ్చిన రోజులున్నాయి.

“అక్కా, అది మాదే. ఆ గొంతు నాకు తెలుసు.”

“గొంతేంట్రా, కొన్న రేడియో అది. ఆవిడ దగ్గరా అదే ఉంది.”

“మా పిల్లలు మూడు బ్యాచ్‌లు కష్టపడ్డారే దాని మీద.”

“ఎవరు కష్టపడ్డారో చుక్క చెప్పదు. ఫోన్ పెట్టు.”

వాడి గోల గోలే గానీ, భయం అబద్ధం కాదు. కూతతో పాటు బ్యాటరీ లెక్క కూడా వస్తోంది, అది రోజురోజుకూ పడిపోతోంది. ఎండ తాగాల్సిన రెక్కలు విచ్చుకోలేదు. విప్పమని సొంత యజమాని రహస్య సంకేతం పంపితేనే విప్పుతుంది, పరాయివాళ్ల మాట వినదు. ఎవరి మాట వింటే వాళ్లది అన్నమాట. ఇంత తేలికైన పరీక్షను కూడా ఇద్దరూ కలిసి చెడగొట్టారు. అది తల మీదుగా పోయే ఆ కాస్త సేపూ ఇద్దరూ ఒకేసారి సంకేతాలు పంపేవారు. ఒకరి అరుపు మీద ఇంకొకరి అరుపు పడి, దానికి ఎవరి మాటా వినపడేది కాదు.

వంతులేసుకోండి మహాప్రభో అని ఇద్దరికీ చెప్పి చెప్పి పేర్లావిడ గొంతు ఆరిపోయింది. బతిమాలింది, కసిరింది. ఎట్టకేలకు ఒప్పుకున్నారు. మరి మొదటి వంతు ఎవరిది? ముందు అడిగినవారిది ముందు, ఆ ఆఫీసు పద్ధతి అదే. ముందు అడిగింది తమ్ముడే.

అప్పుడు మేనేజరమ్మ చాలా మెత్తగా అంది. “ఆ మాస్టారు మీ తమ్ముడటగా. నేనేమీ అనడం లేదండి, ఊరికే అడిగాను.”

పేర్లావిడకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కరిచేతా వేలెత్తి చూపించుకోలేదు. ఆ మంటలోనే, పొద్దున వంతు మీది, సాయంత్రం వాళ్లది అని చెప్పేసింది.

“అక్కా, బ్యాటరీ సాయంత్రం దాకా ఉండదే” అన్నాడు తమ్ముడు.

“ఉంటుంది. ఒక్క పూట నోరు మూసుకోరా, నీకు దణ్ణం పెడతాను.”

వాడు మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఎడ్డెమంటే తెడ్డెమనేవాడు, ఆ పొద్దున మాత్రం అక్క మాట విన్నాడు. మేనేజరమ్మ సంకేతం ఏ అడ్డూ లేకుండా పైకి వెళ్లింది. చుక్క దాన్ని లెక్కచేయలేదు. మీ పేరు ఇక్కడ రాయండి అని నీరసంగా కూసుకుంటూ వెళ్లిపోయింది. అది మేనేజరమ్మది కాదని తేలిపోయింది. మిగిలింది ఒక్కడే కాబట్టి ఎవరిదో కూడా తేలిపోయింది.

సాయంత్రం తమ్ముడూ వాడి పిల్లలూ కాలేజీ మేడ మీద యాంటెనా పట్టుకుని నిలబడ్డారు. చుక్క రాడార్‌లో సరిగ్గా వేళకే వచ్చింది, వేళకే పోయింది. కూత లేదు. వాడు సంకేతం పంపుతూనే ఉన్నాడు.

మేనేజరమ్మే ముందు ఫోన్ చేసింది. “మా రాత, ఆ మూగది మాదన్నమాట. ఏదేమైనా మీరు ధర్మంగా చేశారండి. సొంత తమ్ముడని కూడా చూడలేదు.” పేర్లావిడ సరేనని పెట్టేసి, రెండు చుక్కల ఎదుటా రెండు పేర్లు ఎక్కించింది. అనుమానానికి తావులేకుండా తేలిన పని అది. ఆమెకు ఏడుపొచ్చింది.

తమ్ముడికి తనే ఫోన్ చేసింది. వాడు అరుస్తాడనుకుంది, అరిస్తే బాగుండుననుకుంది.

“అక్కా, ఒకటి అడుగుతాను. నేను నీకేమీ కాకపోయుంటే, పొద్దున వంతు ఎవరికిచ్చేదానివి?”

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“నీకేరా” అంది.