మామ చెప్పిన ఊరి పేరు

పొద్దున రేడియోల వార్తలు అయిపోంగనే మా మామ స్నానం జేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, ఫోన్ పట్టుకొని చేను గట్టు మీదికి పోయేటోడు. చూసినోళ్లు ఏదో పెండ్లికి పోతున్నడనుకునేటోళ్లు. పెండ్లి లేదు, పేరంటం లేదు, రేడియోకు ఫోన్ జెయ్యడానికి ఆ తయారు. రేడియోల మనిషి కనపడడు గదా, చొక్కా ఎందుకని ఎవరన్న అడిగితే, మాట్లాడేది నేను, నేనెట్లున్ననో నాకు తెలుస్తది గదా అనేటోడు. గట్టు మీదికే ఎందుకంటే వాళ్ల ఊర్ల సిగ్నల్ సరిగ దొరికేది ఆడనే.

మామంటే మా అమ్మకు సొంత అన్న. ఆయన ఊరు గోదారి పక్కన పల్లంల ఉంటది. మాది అడివి అంచున మిట్ట మీద. నడుమ ఒక వాగు. ఎండకాలం ఆ వాగుల కాళ్లు తడవకుండ అటు నుంచి ఇటు రావొచ్చు. వానకాలం వస్తే మాత్రం దాని తిక్క దానిది. అప్పుడు ఒకరి మొకం ఒకరు చూడాల్నంటే భద్రాచలం మీదికెళ్లి తిరిగి రావాలె.

నేను ఇంటి ముందటి రూంల మిషన్ పెట్టుకొని జాకెట్లు కుడుత. మిషన్ పక్కన రేడియో. పొద్దున ఆ ప్రోగ్రాంల ఒకామె పేపర్లల్ల వచ్చిన సంగతులు చదివి, ఇయ్యాల దేని గురించి మాట్లాడుకుందామో చెప్పి ఫోన్లు తీసుకునేది. ఎవరు కండువా మార్చిండ్రు, ఏ రోడ్డు పని ఆగింది, వడ్లు కొనే సెంటర్ ఎందుకు తెరవలే, పోడు పట్టాలు ఎప్పుడిస్తరు, అన్నీ అందులనే. మా మామకు తెల్వని సంగతి ఉండేది కాదు. తెల్వకున్నా మాట్లాడేటోడు. నాకైతే ఒక్కోసారి నవ్వొచ్చి సూది పక్కకు పోయేది.

ఇంట్ల మా అత్త ఆయన్ని సతాయించని రోజు లేదు. గట్టు మీదికెళ్లి తిరిగి రాంగనే, "లీడర్ గారు వచ్చిండ్రు, కుర్చీ ఎయ్యండే" అని పక్కింటోళ్లను పిలిచేది. ఆయన మాటలు నేనెందుకు వింట, ఇంట్ల వినేటియి చాలవా అనేది. అంతా ఉత్తదే. ఆయన వంతు అయ్యేదాంక కూరకు పోపు పెట్టకపోయేది. నూనెల ఆవాలు ఏస్తే ఆ చప్పుడుకు ఆయన మాట వినపడదని. ఆమెకు ఆయాసం ఉండె. పొయ్యి కాడ కూసొని గుండె మీద చెయ్యి పెట్టుకొని వింటుంటే నేనే చూసిన ఎన్నోసార్లు.

రాష్ట్రం రెండైనంక మా మామ ఊరు అటు పోయింది, మా ఊరు ఇటు ఉన్నది. గోడ కట్టలే, కంచె ఏయలే. మా మామ చేను ఆడనే ఉన్నది, బర్లు ఆడనే మేస్తున్నయి. కాయితాల మీద మాత్రం వాళ్లు పక్క రాష్ట్రం. దవాఖానకు భద్రాచలమే, కూరగాయలకు భద్రాచలమే, సంతకం పెట్టిచ్చుకోను మాత్రం ఇంకెటో పోవాలె. ఆ గీత గీసినోడు ఒక్కసారన్న వచ్చి మా వాగు చూసిండా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది.

ఆ తర్వాత ఒకరోజు మామ ఎప్పటి లెక్కనే ఫోన్ జేసి, తన ఊరి పేరు చెప్పి, వాగు మీద వంతెన సంగతి ఎత్తుకున్నడు. ఆమె మెల్లగనే చెప్పింది, మీ ఊరు ఇప్పుడు పక్క రాష్ట్రం కిందికి వస్తుంది బాబాయ్ గారూ, ఈ కార్యక్రమం మన జిల్లా సమస్యలకు మాత్రమే అని. నమస్కారం జెప్పి ఫోన్ పెట్టేసింది. ఆమె తప్పేం లేదు, పైనోళ్లు చెప్పిందే ఆమె చెప్పింది. కానీ లైన్ల వేరేటోళ్లు వచ్చి మాట్లాడుతుంటే నాకు చేతుల కత్తెర ఆగిపోయింది.

పొద్దు గూకకముందే మామ మా ఇంటికొచ్చిండు. అమ్మ అన్నం పెడితే ముట్టలే. గోడకు ఆనుకొని కూసొని అన్నడు.

"నేనెటు పోయిన చెల్లే? ఉన్నకాడనే ఉన్న గదా."

అమ్మ మజ్జిగ కలిపి ఇచ్చింది. అటు రాష్ట్రం రేడియోకు చెప్పుకోరాదే అని నేనంటే, అది ఆ కొండలు దాటి తమ ఊరికి వినపడదని, చెప్పుకున్నా ఇంటికాడ వినేటోళ్లు ఉండరని అన్నడు. వినేటోళ్లంటే ఎవరో నాకు తెలుసు. పొయ్యి కాడ పోపు ఆపుకొని కూసునే మనిషి.

కొన్ని దినాలు పోయినంక ఒక పొద్దున మిషన్ తొక్కుతుంటే రేడియోల మామ గొంతు. ఏ ఊరి నుంచి అని ఆమె అడిగితే, మా ఊరి పేరు చెప్పిండు. నేను అమ్మను పిలిచిన. ఇద్దరం నోట్ల కొంగు కుక్కుకొని నవ్వినం.

ఇగ అప్పటిసంది అదే అలవాటైంది. తన ఊరి కష్టం చెప్పుకోరాదు గాబట్టి మా ఊరి కష్టాలు మా కంటె మంచిగ చెప్పేటోడు. బోరింగ్ చెడిపోతే చెప్పిండు. బడికాడ కరెంటు తీగ కిందికి వేలాడుతుంటే చెప్పిండు. రోడ్డు కింది మోరీ కూలి బస్సు రావట్లేదని దినాం చెప్పి చెప్పి వాళ్లకే విసుగొచ్చేటట్టు జేసిండు, ఆఖరికి మోరీ కట్టిండ్రు. మా ఊరోళ్లు ఆయన్ని మా సర్పంచ్ అని పిలిచేటోళ్లు, చాయ్ తాగిచ్చేటోళ్లు. ఆయన ఊరి వాగు మీద మాత్రం వంతెన లేదు. ఉన్న మాట చెప్పాల్నంటే, ఆ సంగతి అడిగే నోరు కూడా లేదు.

ఆ వానకాలం గోదారి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. మా ఊరు మిట్ట మీదుంటది గాబట్టి మాకు భయం లేదు. పల్లంల ఊర్లన్నీ నీళ్లల్ల ఉన్నయి. రేడియోల మామూలు ప్రోగ్రాం ఆపేసి, వరద సంగతులే పొద్దంత చెప్తున్నరు. ఎవరన్న చిక్కుకుంటే ఫోన్ జెయ్యమంటున్నరు. కరెంటు లేదు, మా ఫోన్లు చచ్చిపోయినయి. నేను రేడియోల బ్యాటరీలు ఏసుకొని గుంజకు ఆనుకొని వింటున్న. పొద్దు ఇంకా ఎక్కలే.

మామ గొంతు వచ్చింది. ఎప్పటి గొంతు కాదది. ఎవరో తరుముతున్నట్టు మాట్లాడుతున్నడు. మా ఇంటామెకు ఊపిరాడ్తలేదు, చుట్టూర నీళ్లొచ్చినయి, బడి డాబా మీద ఉన్నం, పడవ పంపియ్యండి అన్నడు. రేడియో ఆమె కంగారుగ అడిగింది, ఊరి పేరు చెప్పండి బాబాయ్ గారూ, వెంటనే అధికారులకు చెప్తామని.

మామ మా ఊరి పేరు చెప్పిండు.

లైన్ కట్టయింది. ఆమె మా ఊరి పేరు మళ్లా మళ్లా చెప్తున్నది. అమ్మ వంటింట్లకెళ్లి వచ్చి, మన ఊర్ల నీళ్లేడియే అన్నది. అంతల్నే, పడవ మా అన్న కాడికి పోదు, ఈడికొస్తదే అని మొత్తుకున్నది. నేను ఇల్లిల్లు తిరిగి ఒకరి ఫోన్ సంపాయించి రేడియోకు జేస్తే లైన్ దొరకలే. మామకు జేస్తే స్విచ్ఛాఫ్. ఏం జెయ్యాల్నో తెల్వక రోడ్డు మీదికి ఉరికిన.

పాపం, పడవోళ్లు జల్దీనే వచ్చిండ్రు. పడవను బండి మీద ఎక్కిచ్చుకొని, కొత్త మోరీ మీదికెళ్లే వచ్చిండ్రు. పొడి రోడ్డు మీద పడవ దిగుతుంటే మా ఊరోళ్లు గుమిగూడి చూస్తున్నరు. నేను ఏడ్చుకుంట చెప్పిన, ఇది కాదన్నా, వాగు అవతల ఊరు, మా అత్త ఆడున్నదని. వాళ్లు అది ఏ రాష్ట్రమని కూడా అడగలే. నేరుగ వాగు కాడికి పోయి పడవ దింపిండ్రు. వాగుల చెట్లకు చెట్లు కొట్టుకొస్తున్నయి. ఒక దుంగ తగిలి పడవ గిర్రున తిరిగింది. మళ్లా ప్రయత్నం జేసిండ్రు, మళ్లా ఒడ్డుకే నెట్టింది. పొద్దున్నే భద్రాచలం దిక్కుకెళ్లి పోయుంటే నిల్వ నీళ్లల్ల సులువుగ పోయేటోళ్లమని వాళ్లల్ల పెద్దాయన తల పట్టుకున్నడు. అటు తిరిగిపోదామంటే నడుమ రోడ్డు మునిగింది. అయినా అమ్మ, నేను కూడా వాళ్ల బండి ఎక్కి అటే పోయినం, రోడ్డు మీది నీళ్లు తియ్యంగ ఆగి ఆగి అవతలి దిక్కుకు చేరేసరికి చీకటి పడ్డది. ఆ చీకట్ల అధికారులు పడవ ఎయ్యనియ్యలే.

తెల్లారి అమ్మను, నన్ను పడవ ఎక్కిచ్చుకొని పోయిండ్రు. బడి డాబా మీద నులక మంచం. అత్త మీద దుప్పటి కప్పి ఉన్నది. పక్కన ఒక కోయామె అత్త కాళ్లు పట్టుకొని తన భాషల ఏడుస్తున్నది. నిన్న పొద్దుగూకేటప్పుడు పాణం పోయిందంట. పోయేదాంక, పడవ వస్తున్నదని మామ చెప్తనే ఉన్నడంట.

అమ్మ అన్న భుజాలు పట్టుకొని ఊపింది. మా ఊరి పేరెందుకు చెప్పినవే, నీ ఊరి పేరు చెప్తే నీ సొమ్మేం పోతుండె అని గుండెలు బాదుకున్నది. ఆయన చిన్నగ, తప్పు జేసిన పిల్లగాని లెక్క చెప్పిండు.

"మా ఊరంటే ఫోన్ పెట్టేస్తరేమోనని భయమైంది చెల్లే."

 నాకు ఎవర్ని తిట్టాల్నో తెల్వలే. తిట్టడానికి ఒక్క మనిషి దొరికినా నాకు అంత ఏడుపు రాకపోయేది.

డాబా మూలకు ఎవరిదో చిన్న రేడియో మోగుతనే ఉన్నది, నీళ్లు ఎంత తగ్గినయో విందామని పెట్టుకున్నరు. అందుల ఆమె వచ్చింది. నిన్న మన శ్రోత ఒకరు ఫోన్ చేయగానే అధికారులు ఆ ఊరికి పడవ పంపారని, ఊరంతా క్షేమంగా ఉందని సమాచారం అందిందని, సమయానికి స్పందించిన ఆ పెద్దాయనకు అందరి తరఫున ధన్యవాదాలని చెప్పింది. ఆమె గొంతుల నిజంగనే సంతోషం ఉన్నది.

నేను ఉరికి రేడియో బంద్ చెయ్యబోతే మామ నా చెయ్యి పట్టుకున్నడు. అత్త మొకం మీది దుప్పటి సరిజేసుకుంట, నా దిక్కు చూడకుండ అన్నడు.

"ఆమె అబద్ధం చెప్పలే బిడ్డా. మీ ఊరు క్షేమమే గదా."