పెరుగు తోడుకోని వారం

2022 వేసవి. అనంతపురం శివార్లలో ఒక చిన్న ప్రైవేటు డెయిరీలో నేను ల్యాబ్ ఇన్‌చార్జిని. శింగనమల వైపు పల్లెల నుంచి వచ్చే పాలను పరీక్షించడం, పెరుగు బ్యాచ్‌లు చూసుకోవడం నా పని. డెయిరీలో ఇంటి తోడు వాడం. పాలను పెరుగు చేసే బ్యాక్టీరియాను ప్రత్యేకంగా పెంచి, పొడిగా అమ్ముతారు. దాన్ని కల్చర్ అంటాం.

ఒకరోజు పెరుగు తోడుకోలేదు. పాలు మంచివే, వేడీ సరిపోయింది. అయినా సాయంత్రానికి ట్యాంకులో పాలు పాలుగానే ఉన్నాయి. మరునాడూ అంతే. మూడోరోజు ఓనరు మల్లికార్జున గారు ల్యాబ్‌కే వచ్చారు.

"ఏమ్మా, ఓబులమ్మ కల్చర్ కలిపేదానికి వచ్చినాకనే కదా ఇట్లయితాండేది? ఆయమ్మ చేయి మంచిది కాదని అందరూ అంటాండారు. రేపట్నుంచి రావద్దని చెప్తా."

ఓబులమ్మ ఏళ్ల తరబడి మా దగ్గర క్యాన్లు కడిగిన మనిషి. కల్చర్ గదిలోకి మారి నెల కూడా కాలేదు. తలుపు దగ్గరే నిలబడి అంతా వింది.

"నా చేతిలో ఏముండాది మేడం? సబ్బుతో కడుక్కోని, గ్లౌజులు ఏసుకోనే చేస్తాండా" అంది. కళ్లలో నీళ్లు.

"నాలుగు రోజులు టైమియ్యండి సార్. కారణం దొరక్కపోతే అప్పుడు చూద్దాం" అన్నాను. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు.

పశువులకు వేసిన మందు పాలలోకి వచ్చినా కల్చర్ చచ్చిపోతుంది. ముందు ఆ పరీక్ష చేశాను. మందు లేదు. తర్వాత చెడిపోయిన బ్యాచ్ పాలను విరగ్గొట్టి తేటనీరు తీసి, బ్యాక్టీరియా దూరలేనంత సన్నటి ఫిల్టర్‌తో వడగట్టాను. దాన్ని వేయి రెట్లు పలచన చేసి, ఒక్క చుక్క మంచి పాలలో కల్చర్‌తో పాటు వేశాను. ఆ పాలూ తోడుకోలేదు! ఏ మందైనా అంత పలచనైతే పనిచేయదు. అంటే, ఇది పాలలో పడ్డాక తనంతట తాను పెరుగుతోంది. ఫేజ్! బ్యాక్టీరియా మీద పడే వైరస్. కాలేజీలో చదవడమే గానీ దాని పనితనం కళ్లారా చూసింది లేదు.

ఆ తేటనూ కల్చర్‌నూ అగర్ అనే జెల్లీలో కలిపి గాజు ప్లేటులో పోశాను. మరునాడు పొద్దున తెరిచి చూస్తే, తెల్లగా పరుచుకున్న బ్యాక్టీరియా పొర నిండా తేటగా చిన్న చిన్న చిల్లులు. ప్రతి చిల్లూ బ్యాక్టీరియా చచ్చిన చోటే. "దొరికింది!" అని నేనరిచిన అరుపుకు ఓబులమ్మ పరుగెత్తుకొచ్చింది. ప్లేటు చూపించి సంగతి చెప్పాను.

"ఈ వైరస్ బ్యాక్టీరియా లోపలికి యాడనుంచి దూరుతాది మేడం?"

"ఇది దూరదు ఓబులమ్మా. దీనికి తలా తోకా ఉంటాయి. తోక కొసతో బ్యాక్టీరియా గోడను పట్టుకుంటాది. తలలో ముడుచుకోనుండే డీఎన్‌ఏ ఒక్కటే తోక గుండా లోపలికి జారిపోతాది. ఖాళీ గుల్ల బయటే మిగిలిపోతాది. ఇంక బ్యాక్టీరియా తన పని ఇడిసిపెట్టి, ఆ డీఎన్‌ఏ చెప్పినట్ల వైరస్‌లనే తయారుచేస్తాది. ఆఖరికి పగిలిపోతాది. పుట్టినవన్నీ పక్కదాని మీద పడతాయి."

ఆమె ప్లేటును వెలుతురుకెత్తి చూసింది. "అబ్బ! తాను బయటే ఉండి, వాళ్ల కొంపను వాళ్లతోనే కూలగొట్టిస్తాండాది!"

ఒక్కో ఫేజ్ ఒక్కో రకం బ్యాక్టీరియానే పట్టుకుంటుంది. అందుకే వేరే రకం కల్చర్ తెప్పించి, ట్యాంకులన్నీ క్లోరిన్‌తో కడిగించాను. కొత్త కల్చర్‌ను ఓబులమ్మే కలపాలని పట్టుబట్టాను. "చేయి మారకూడదు సార్, కల్చర్ ఒక్కటే మారాల" అన్నాను. ఆమె గ్లౌజులు సరిచేసుకుని కలిపింది. సాయంత్రం మూత తీస్తే పెరుగు గట్టిగా, నున్నగా తోడుకుని ఉంది. ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం.

వైరస్ ఎక్కడ పెరిగిందో కూడా తేలింది. పెరుగు నుంచి తీసిన తేటను కల్చర్ గది తలుపు పక్క కాలువలోనే పారబోసేవాళ్లు. ఆ కాలువ నీళ్లతో ప్లేటు వేస్తే అవే చిల్లులు; అక్కడి తుంపర్లే గాలికి గదిలోకి వచ్చేవి. మోసే దూరం తగ్గుతుందని ఆ కాలువ అక్కడ తవ్వించింది ఓనరే. ఆయన అందరి ముందూ అన్నారు: "తప్పు నాది ఓబులమ్మా. నిన్ను అనరాని మాటలన్నా."

"కాలువ పూడ్పించండి సార్, సాలు" అందామె.

తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు అందరి చూపూ మొదట మనిషి మీదే పడుతుంది, మనిషి కనిపిస్తాడు గనుక. ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా ఒక పేరు పట్టుకుని ఫిర్యాదుకొస్తే, ఆ పేరు రాసుకోను. శాంపిల్ తెమ్మంటాను.