సగం కప్పు

వణుకుడు జబ్బు వాళ్ల కోసం వాలంటీర్లు నడిపే ఆ హాల్లో టీ పోసేది పెద్దమ్మే. జబ్బున్నవాళ్లకు సగం కప్పు, తోటి వాలంటీర్లకు నిండు కప్పు. ఎవరైనా మూతి ముడిస్తే, "నిండుగా పోస్తే నువ్వు తాగేదేముందయ్యా, నేలేగా తాగేది!" అని నవ్వించేది. సాసర్ల మీద కప్పుల గలగల ఆమెకు ఇంట్లో గడియారం చప్పుడంత అలవాటు. ఆ రోజు పాట మొదలుపెట్టడానికి అందరూ కప్పులు కింద పెట్టేశారు. హాలంతా నిశ్శబ్దం. ఒక్క సాసరు మాత్రం ఇంకా గలగలమంటూనే ఉంది. "ఎవరిదయ్యా అది?" అంటూ పెద్దమ్మ చుట్టూ చూసింది. అందరి కళ్లూ ఆమె చేతిమీదే ఉన్నాయి. జబ్బుతో మాట పడిపోయిన తాపీమేస్త్రీ లేచి వచ్చి, ఆమె నిండు కప్పు అందుకుని, సగం తన కప్పులోకి వంపుకుని, మిగతాది ఆమె చేతికిచ్చాడు.