నా సంతకం అడిగిన బావ

సోమారం పొద్దుగాల అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండురా" అన్నది. నేను పటాన్‌చెరు మార్కెట్ల దుకాణం షట్టర్ లేపుతున్న. "ఎవరు చెప్పిండ్రు?" అని అడిగిన. ఆయన పక్కనే కూసోని ఏడుస్తున్న మనిషిని అట్ల అడుగుతరా? మీకు చెప్పనీకి సిగ్గయితుంది. నా గుణమే గసుంటిది, ఎవరేం చెప్పినా ముందుగాల నమ్మను.

బావ చేసే కొలువు మా దిక్కు ఎవరికీ సమజయ్యేది కాదు. పింఛన్లు, సర్టిఫికెట్లు, భూమి రికార్డులు అని సర్కారు ఆన్‌లైన్‌ల పెట్టిన పనులు మామూలు మనుషులకు అందుతున్నయా లేదా పరీక్షించి రిపోర్టులు రాసేటోడు. దానికి సంగారెడ్డిల ఆన్‌లైన్ సెంటర్ ముందట ముసలోళ్లతోని లైన్ల నిలవడేటోడు. "కంప్యూటర్‌ల అయ్యిందంటె అయినట్టు కాదు బామ్మర్దీ, ఇంటికి పోయి అడుగాలె" అనేటోడు. అనుమానంల నాకంటె రెండాకులు ఎక్కువే చదివిండు.

వెబ్‌సైట్ పరీక్షించనీకి మంది రికార్డులు మాత్రం తెరువకపోయేది. "పరాయోళ్లయి మనకెందుకు, సొంతయే సూడాలె" అనేటోడు. అక్క పుట్టినిల్లు గూడ సొంతమే అనుకున్నడు. మమ్మల్ని అడుగలె.

గడ్డపోతారంల మాకు రెండెకరాలున్నయి, చుట్టూ మందుల కంపెనీలే. ఒకరోజు సెంటర్ నడిపేటాయన నా చెవిల ఊదిండు: "మీ బావ మీ సర్వే నంబర్ కొట్టి ప్రింట్లు తీస్కపోతుండు, సూస్కో." వారం తిరుగకముందే బావ నింపిన దరఖాస్తు పట్టుకొని దుకాణానికొచ్చిండు. "రికార్డుల మీ భూమి పక్క కంపెనీ కింద ఎక్కింది. ఇక్కడ సంతకం పెట్టు" అన్నడు.

"అక్క వాటా కావాల్నంటె నోరు తెర్సి అడుగు బావా. గీ దొంగ కాయిదాలెందుకు?" అన్న. గిరాకి ముందటనే అన్న. ఆయన కాయిదం మడిచి జేబుల పెట్టుకోని పోయిండు. రెండేండ్లు నేను ఆయన గడప తొక్కలె.

తర్వాత పాస్‌బుక్కు కోసం తహసీల్ ఆఫీసుకు పోతె ఆయన చెప్పిందే నిజమయింది. సీట్ల ఉన్న మేడం పాత దరఖాస్తులు తీసి సూపిచ్చింది. బావ మా తరఫున మూడుసార్లు పెట్టిండు. పట్టాదారు సంతకం లేదని మూడూ వాపస్ అయినయి. ఆమె ముందటనే సంతకం పెట్టిన. భూమి దక్కింది. రుద్రారంల బావ ఇంటికి పోయి, తప్పయింది అని ఒక్క మాట చెప్పాలె. మొఖం చెల్లలె. ఇయ్యాల, రేపు అనుకుంట ఆర్నెల్లు గడిపిన. ఇగ ఆయనే లేకుండ పోయిండు.

పదోదినం నాడు అక్కతోని అంతా చెప్పుకున్న. "ఆయనకు నీ మీద కోపమెక్కడిదిరా" అన్నది అక్క. "అడిగినోనికల్లా సంతకం పెట్టనోడు మీ ఇంట్ల ఒక్కడన్న ఉన్నడు, భూమికి భయం లేదు అని నవ్వేటోడు."

నన్ను ఓదార్చనీకి అక్క అల్లిందేమో అని అప్పుడు గూడ అనుమానమే వచ్చింది. గనీ గా మాట తీరు అచ్చం బావదే, అక్కకు అల్లరాదు. విస్తరి ముందట కూసున్నోణ్ణి లేచి బయటికొచ్చిన. వాకిట్ల బావ బండి దుమ్ముకొట్టుకోని ఉన్నది. కండువతోని సీటు తుడిచిన. తుడిచిందే మళ్ల తుడుసుకుంట శానసేపు అక్కడనే నిలవడ్డ.